లుస్ డారి కుట్టు

లుస్ డారి గురించి మా పేటలో ఎవరినడిగినా "పాపం, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి" అంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇరవై రెండేళ్లు దాని పక్క మిషను మీద కూర్చున్నదాన్ని నేను. అది ఎప్పుడూ నవ్వుతూ ఏమీ ఉండేది కాదు. దారం తెగితే తిట్టేది, సూది విరిగితే తిట్టేది, రేడియోలో మంచి పాట మధ్యలో వార్తలొస్తే చదివేవాణ్ని వాడి తల్లితో కలిపి తిట్టేది. నవ్వింది మధ్యలో ఒక మూడేళ్లే. అదీ అబద్ధపు నవ్వు. ఆ అబద్ధంలో నాకూ వాటా ఉంది కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

మాది కాలీ నగరంలో తూర్పు పక్క, యజమాని దోన్ ఎవేలియో నడిపే కుట్టు వర్క్‌షాపు. పదకొండు మంది ఆడవాళ్లం. మా ఊళ్లో పొట్ట కొవ్వు తీయించుకునేవాళ్లు, పిరుదులు పెంచుకునేవాళ్లు, రొమ్ములు పెట్టించుకునేవాళ్లు ఎంతమందో చెప్పలేం. విమానాలెక్కి కూడా వస్తారు. డాక్టరు కోసి, కుట్టి, ఇంటికి పంపాక వాపు దిగేదాకా ఒంటిని పట్టి ఉంచే బిగుతు తొడుగులు కావాలి కదా. వాటిని మేం కుడతాం. రొమ్ములవాళ్లకి బ్రాలు వేరే ఉంటాయి. ముందువైపు మూడు వరసల కొక్కేలు, పైన అడ్డంగా ఒక వెడల్పాటి పట్టీ. లోపల పెట్టిన సిలికాన్ సంచి పైకి ఎగదన్నకుండా ఆ పట్టీ పట్టుకుంటుంది.

పచ్చి కోత మీద పడే కుట్టు కాబట్టి లోపలివైపు దారం గీరుకోకూడదు. అందుకే కుట్టడం అయ్యాక ఎవరికి వాళ్లం దాన్ని తిరగేసి చెంపకి రాసుకుని చూస్తాం. గీరుకుంటే విప్పి మళ్లీ కుట్టాలి. లుస్ డారి కుట్టింది చెంపకి రాస్తే అక్కడ కుట్టు ఉందో లేదో తెలిసేది కాదు. చివర్లో మూడుసార్లు వెనక్కి కుట్టి ఆపేది. రెండైతే ఊడుతుందట, నాలుగైతే గుచ్చుతుందట. క్లినిక్ నుంచి నర్సులు ఫోను చేసి "ఆ మూడు కుట్ల ఆవిడవి పంపండి" అని అడిగేవాళ్లు. మిగతా పదిమందికీ కడుపుమంట. నాకైతే రెండు కడుపుల మంట.

దాని కూతురు నతాలి మా కత్తిరింపు బల్ల కిందే పెరిగింది. నేను దానికి జ్ఞానతల్లిని, బాప్తిస్మం నాడు గుడిలో ఎత్తుకుని నిలబడ్డది నేనే. తండ్రి అనేవాడు నడక నేర్చిన బిడ్డని చూడకుండానే ఎటో పోయాడు. పిల్లకి ఐదారేళ్లప్పుడే మేం కళ్లకి గంతలు కట్టి ముక్కలు చేతికిస్తే, వేలితో తడిమి ఎవరిదేదో చెప్పేది. "ఇది అమ్మది. ఇది పెద్దమ్మది, వంకర." వెధవ పిల్ల. అందరూ నా మొహం చూసి నవ్వేవాళ్లు.

లుస్ డారికి రొమ్ముల్లో ఆ సంచులు వచ్చింది లాటరీలో. మా దగ్గర సరుకు కొనే క్లినిక్ ఒకటి డిసెంబరు పండగకి వర్క్‌షాపు వాళ్లకోసం లాటరీ పెట్టింది. బహుమతి రొమ్ముల ఆపరేషను. మా దగ్గర అది ఫ్రిజ్ గెలిచినంత మామూలు విషయం. పదిహేనో పుట్టినరోజుకి కూతుళ్లకి పెట్టించే తల్లులున్నారు, పెళ్లిరోజుకి పెళ్లాలకి పెట్టించే మొగుళ్లున్నారు. నేను మూడు చీట్లు కొన్నాను. అది కొననంది. "నాకెందుకక్కా, పిల్లకి పాలు మాన్పించాక మిగిలినవి చాలు" అంది. "ఒక్కటి కొనవే పిసినారీ, పండగ పూట" అని నేనే పోరి కొనిపించాను. ఆ ఒక్కదానికే తగిలింది. వారం రోజులు దానితో నేను మాట్లాడలేదు.

ఉన్నమాట చెప్పాలి, అందంగా ఉండేది. నడుస్తుంటే రొట్టెల కొట్టువాడు చిల్లర తప్పు ఇచ్చేవాడు. పదేళ్లపాటు ఏ బాధా లేదు. తర్వాత మొదట కళ్లు ఎండిపోయాయి, ఇసక పడ్డట్టుందనేది. తర్వాత వేళ్ల కణుపులు. తర్వాత జుట్టు, దువ్వెన నిండా. మిషను ముందు కూర్చుని, చేతిలో ముక్క ఏ సైజుదో మర్చిపోయి అలా చూస్తూ ఉండిపోయేది. డాక్టర్ల దగ్గరికి నేనే తోడు వెళ్లాను. ఒకాయన నరాలన్నాడు. ఇంకొకాయన వయసన్నాడు, ముప్ఫై ఎనిమిదేళ్లకి! మూడో ఆయన కళ్లజోడు మీదుగా చూసి "ఒంటరిగా ఉంటున్నారా?" అని అడిగాడు. నేను కుర్చీలోంచి లేచి "ఎందుకు, తమరికి పెళ్లి కాలేదా?" అన్నాను. లుస్ డారి నన్ను చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చి, మెట్ల మీద కూర్చుని పడీపడీ నవ్వింది. అది నిజమైన నవ్వు.

ఐదేళ్లు అలా గడిచాక, ఫోనుల్లో ఇవే సంచులు పెట్టించుకున్న ఆడవాళ్ల గోడు వినడం మొదలైంది. ఇవే కళ్లు, ఇవే కణుపులు, ఇదే మరుపు. తీయించుకున్నాక బాగుపడ్డామని చెప్పేవాళ్లు. మా పేటలోనే ఇద్దరు తేలారు, నా కళ్లతో చూశాను, నెల తిరిగేసరికి మనుషులయ్యారు. లుస్ డారి కూడా తీయించుకుంటానంది. ఆరోగ్య బీమా వాళ్లు అది సోకు కోసం పెట్టించుకున్నది కాబట్టి తీయడం మా పని కాదన్నారు. అప్పుడు మా వీధివాళ్లు ఊరుకోలేదు. ఆపరేషను డబ్బుల కోసం వీధికి అడ్డంగా బల్లలు వేసి, టిక్కెట్టు పెట్టి బింగో ఆడించారు. బహుమతులకి ఒకరు కోడిని ఇచ్చారు, ఒకరు అరటికాయల గెల ఇచ్చారు, నేను పొద్దుణ్నుంచి నిలబడి గుండిగెడు పులుసు కాచాను. అసలు పలకరింపుల్లేనివాళ్లు కూడా వచ్చి కూర్చుని ఆడారు. అలా అయింది ఆపరేషను.

ఆపరేషనుకి ముందు ఆదివారం మేమిద్దరం బస్సెక్కి బూగాకి వెళ్లాం, అద్భుతాల ప్రభువు గుడికి. అక్కడి నల్లటి సిలువ ముందు మోకరించి లేచాక అది నన్ను పలకలు చెక్కేవాడి కొట్టుకి తీసుకెళ్లింది. బూగాలో ఆ గోడలు చూడాలి. కోరిక తీరినవాళ్లు పేరు, తేదీ చెక్కించి పెట్టిన రాతి పలకలు, ఎక్కడా సందు ఉండదు.

"కోరిక తీరాక కదే పలక పెట్టేది. ఇప్పుడెందుకు?" అన్నాను.

"ముందే పెట్టేస్తే ఆయనకి మొహమాటం వేస్తుంది కదక్కా. పేరు గోడెక్కాక మాట తప్పుతాడా?"

"ప్రభువుతో బేరమా?"

"బేరం కాదు, అడ్వాన్సు" అంది. ఆపరేషను తేదీ వేసి, "స్వస్థత పొందినందుకు కృతజ్ఞతలతో, లుస్ డారి" అని చెక్కించింది. నేనూ నవ్వాను. ఆ రాయిని అప్పుడే ఆ కొట్టువాడి నెత్తిన కొట్టి ఉంటే బాగుండేది.

సంచులు తీసేశారు. వాటి చుట్టూ ఒళ్లు గూడులా కట్టుకున్న పొర కూడా ఎంత వస్తే అంత తీశామన్నాడు డాక్టరు. మొదటి నెల అది దేవతలా ఉంది. కళ్లు తడి అయ్యాయి, వేళ్లు కదిలాయి. వీధంతా ఫాదరుగారి చేత కృతజ్ఞతా పూజ చెప్పించారు. పూజ మధ్యలో లేచి నిలబడి "మీ అందరివల్లా నేను బాగుపడ్డాను" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. పులుసు కాచినదాన్ని కాబట్టి నాకు ఇంకొంచెం గట్టిగా కొట్టారు.

మూడో నెలలో అన్నీ తిరిగొచ్చాయి. వాటికి తోడు కొత్తవి. కోసినచోట ఒకవైపు చచ్చుబడి, ఇంకోవైపు నిప్పు పెట్టినట్టు మంట. పక్కటెముకల మీద చెయ్యి తగిలితే వంకర్లు పోయేది. డాక్టరు కాగితాలన్నీ చూసి "రిపోర్టులు చక్కగా ఉన్నాయి, తీసేశాం కదా, ఇంకేమీ లేదు" అన్నాడు. లేనిదాన్ని ఎవరు తీస్తారు మరి? వీధిలో ఎదురైనవాళ్లంతా "ఎలా ఉన్నావే?" అని అడిగేవాళ్లు, బింగోలో కోడినిచ్చినావిడ, అరటి గెల ఇచ్చినాయన, అందరూను. "బాగున్నాను" అని నవ్వేది. ఆ నవ్వు అప్పుడు పుట్టింది. కూతురి దగ్గర కూడా అదే నవ్వు. పిల్ల పొద్దున్నే మొబైల్ కొట్టులో పనికి వెళ్లిపోయేది, వచ్చేసరికి అమ్మ పడుకుని ఉండేది. మిషను పనికి ఎవరికైనా నడుం పడిపోతుంది అనుకుంది పిల్ల.

నాకు మాత్రం దాచలేకపోయింది. ఒకరోజు తొమ్మిది గంటల కాఫీ వేళ, అందరూ జున్ను రొట్టెల కోసం వీధిలోకి వెళ్లినప్పుడు, దాని తట్టలోంచి ఒక బ్రా తీసి ఊరికే చెంపకి రాసుకున్నాను. గీరుకుంది. తిప్పి చూశాను. కుట్టు నిటారుగా రాలేదు, పక్కకి పోయి మళ్లీ వచ్చింది. చివర ఒకచోట ఐదుసార్లు వెనక్కి కుట్టి ఉంది, ఒకచోట అసలు లేదు. తలెత్తితే అది తలుపు దగ్గర నిలబడి ఉంది.

"వేళ్లకి సూది తెలియట్లేదక్కా" అంది. "మూడు లెక్కపెట్టడం మర్చిపోతున్నాను. మూడేనక్కా. మూడు లెక్కపెట్టలేకపోతున్నాను."

అప్పటికే రెండు కట్టలు క్లినిక్ నుంచి తిరిగొచ్చాయని దోన్ ఎవేలియో గొణుగుతున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, కానీ ముక్కకింత అని ఇచ్చేవాడు ముక్కనే చూస్తాడు. పని పోతే ఇల్లు ఎలా గడుస్తుంది? "తట్ట నా వైపు పెట్టు" అన్నాను. అంతే. ఆ రోజునుంచి అది కుట్టినవి నేను విప్పి మళ్లీ కుట్టేదాన్ని, మధ్యాహ్నం భోజనం వేళలో, సాయంత్రం కొండగాలి దిగి మిగతావాళ్లు గుమ్మంలో కబుర్లు చెప్పుకునే వేళలో. జన్మలో నేను అంత చక్కగా కుట్టలేదు. చివర మూడుసార్లు వెనక్కి. రెండేళ్లకి పైగా. క్లినిక్ వాళ్లు "ఆ మూడు కుట్ల ఆవిడ" అని అడుగుతూనే ఉన్నారు. సాయం చేస్తున్నాననుకున్నాను. గర్వం కూడా ఉండేది, దాచడం దేనికి.

కిందటి ఏడాది నతాలికి ఇరవై నిండాయి. కొట్టులో పని చేసి కూడబెట్టుకున్నదానితో ఆపరేషను తేదీ తీసుకుని ఇంటికొచ్చింది. రొమ్ములకి. వచ్చే మంగళవారం.

ఆ సాయంత్రం లుస్ డారి కూతుర్ని మంచం మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. మూడేళ్లుగా నవ్వింది అబద్ధమని, మంట తగ్గలేదని, చేతులు పోయాయని. పిల్ల ఏం అందో నాకు తర్వాత లుస్ డారే చెప్పింది.

"నన్ను ఆపడానికి ఇప్పుడు ఇవన్నీ పుట్టిస్తున్నావా అమ్మా? పూజలో నిలబడి బాగుపడ్డానన్నావుగా. బూగాలో రాతి మీద నీ పేరుంది. ప్రభువు దగ్గర కూడా అబద్ధమాడావా?"

"ఆడానే."

"అయితే నీ ఏ మాట నమ్మను నేను? తేడా వస్తే తీయించేసుకుంటాను. నువ్వు తీయించుకోలేదూ!"

పిల్ల తప్పేం ఉంది? మేం ముగ్గురం కలిసి నేర్పిన పాఠమే అది: దాని తల్లి, జ్ఞానతల్లి నేను, బూగా గోడ.

మర్నాడు లుస్ డారి పని మానేసి నన్ను కూడా మాన్పించి బూగా బస్సెక్కించింది. ఆ పలక తీసేయాలట. ఖాళీగా ఉన్న గోడని ఫోటో తీసి పిల్లకి చూపించాలట. ఆఫీసులో ముసలి బ్రదరు ఒకాయన ఓపిగ్గా విన్నాడు.

"పెట్టమని వచ్చేవాళ్లున్నారు గానీ, తీసేయమని ఇంతవరకూ ఎవరూ రాలేదమ్మా. ప్రభువుకిచ్చింది తిరిగి తీసుకోవడం ఉండదు."

"అది అబద్ధం, ఫాదర్."

"నేను ఫాదర్ని కాదు. ఇంకా ఆయన పని పూర్తి కాలేదేమో. ఓపిక పట్టండి."

"ఓపిక అయిపోయింది, అందుకే వచ్చాను" అంది లుస్ డారి. దాని పాత నోరు కాసేపు తిరిగొచ్చింది. బయటికి వచ్చి గోడ దగ్గర తన పలక వెతుక్కుంది. ఎన్నో కొత్తవి వచ్చి చేరాయి, దొరకడానికి చాలాసేపు పట్టింది. చేతి గుడ్డ తీసి దాని మీద కప్పి పట్టుకుంది. వచ్చేపోయేవాళ్లు తుడుస్తోందనుకున్నారు. ఒకావిడ "ఎంత భక్తమ్మా" అంది.

శనివారం నతాలి వర్క్‌షాపుకి వచ్చింది. ఆపరేషను తర్వాత వేసుకునే బ్రా కోసం కొలతలివ్వాలి, మా పిల్ల బయట ఎక్కడో కొనుక్కోదు కదా. అందర్నీ పలకరించింది, నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. తర్వాత తల్లి తట్టలోంచి ఒక ముక్క తీసి, చిన్నప్పటిలాగే కళ్లు మూసుకుని వేలితో తడిమింది. లోపలికి తిప్పి చెంపకి రాసుకుంది. చివర వేలు ఆపి లెక్కపెట్టింది.

"మూడు" అంది. కళ్లు తెరిచి నా వైపు తిరిగింది. "పెద్దమ్మా, నువ్వు చెప్పు. చేతులు పనిచేయట్లేదంటోంది. చేతులు పోయినవాళ్లు ఇలా కుడతారా? ఇది అమ్మే కదా కుట్టింది?"

రెండడుగుల దూరంలో కత్తిరింపు బల్ల దగ్గర దోన్ ఎవేలియో సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. గీయడం ఆపాడు. మిగతా తొమ్మిదిమందీ మిషన్లు ఆపారు. లుస్ డారి నా మొహంలోకి చూసింది. ఆ చూపు ఏమని అడిగిందో నాకు తెలుసు. పని పోతే పోనీ, చెప్పక్కా, అని అడిగింది. తెలియలేదని నన్ను నేను చాలాకాలం మభ్యపెట్టుకున్నాను గానీ, ఆ క్షణాన నాకు స్పష్టంగా తెలుసు.

"మీ అమ్మే" అన్నాను. "ఇంకెవరు కుడతారలా!"

పిల్ల తల్లి వైపు చూసింది, కోపంగా కాదు, జాలిగా. "నాకేం కాదు, భయపడకమ్మా" అని భుజం నిమిరింది. దోన్ ఎవేలియో మళ్లీ గీతలు గీసుకున్నాడు. లుస్ డారి టేపు తీసి కూతురి కొలతలు తీసుకోవడం మొదలుపెట్టింది.

ఆదివారం పొద్దున్నే వాళ్లింటికి పరిగెత్తాను. పిల్లని వంటింట్లో పట్టుకుని ఉన్నదంతా చెప్పాను, విప్పింది నేను, కుట్టింది నేను, మూడు వెనక్కి కుట్టింది కూడా నేనే అని. అది మొక్కజొన్న అరెపా రొట్టెలు కాలుస్తూ వింది, తర్వాత నవ్వేసింది.

"నిన్న అలా చెప్పావు, ఇవాళ ఇలా చెప్తున్నావు. అమ్మ నిన్ను కూడా ఏడ్చి ఒప్పించిందా పెద్దమ్మా? అయినా నీ కుట్టు నాకు తెలియదా? వంకర!"

అరెపా ఒకటి నా చేతిలో పెట్టింది. తిన్నాను. ఏం చేయను?

ఆ బ్రా లుస్ డారి ఇంట్లోనే, పాత కాలిమిషను మీద తనే కుట్టింది. "ఇటివ్వవే, నేను కుడతాను" అన్నాను సోమవారం.

"ముట్టుకోకు" అంది. అంత గట్టిగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. "నా బిడ్డ పచ్చి ఒంటి మీద పడేది. నేనే కుడతాను."

కుట్టడం, చెంపకి రాసుకోవడం, గీరుకోగానే విప్పడం. మళ్లీ కుట్టడం. నేను కాసేపు కూర్చుని చూడలేక వచ్చేశాను.

మంగళవారం ఆపరేషను బాగానే జరిగిందన్నారు. గురువారం నేను చూడటానికి వెళ్లాను. నతాలి తలగడలు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉంది, మత్తుమందు వాసన ఇంకా పోలేదు, మొహం వాచి ఉన్నా సంతోషంగానే ఉంది. కట్టు మార్చే వేళయిందని, లోపలి గుడ్డ తడిసిందని బ్రా విప్పాం. లుస్ డారి వేడినీళ్లకి వంటింట్లోకి వెళ్లింది. పిల్ల ఆ బ్రాని ఒళ్లో పెట్టుకుంది. అలవాటు. చూడకుండానే వేలు దాని మీదుగా పోయింది.

వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది.

తర్వాత దాన్ని తిరగేసి కిటికీ వెలుగు వైపు పట్టుకుని చూసింది. నేను కూడా చూశాను. కుట్టు అడుగడుగునా పక్కకి పోయింది, ప్రతిచోటా విప్పిన సూది రంధ్రాలు, ఒకే గీత మీద నాలుగుసార్లు, ఐదుసార్లు, బట్ట జల్లెడ అయిపోయింది. గీరుకోకుండా ఉండాలని కుట్టు పొడవునా లోపల మెత్తటి గుడ్డపట్టీ చేత్తో అతికించింది. ఆ చేతికుట్లు అయితే చూడలేం, బడికెళ్లని పిల్ల వేసిన కుట్లలా ఉన్నాయి. అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు. సూది వేలికి దిగినా తెలియదు కదా దానికి.

చివర వెనక్కి కుట్టిన చోట పిల్ల వేలితో లెక్కపెట్టింది. ఆపలేదు. ఏడో ఎనిమిదో ఉన్నాయి.

"పెద్దమ్మా" అంది. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "శనివారం తట్టలోది ఎవరు కుట్టారు?"

ఇప్పుడు చెప్పడానికి నాకేమీ అడ్డం లేదు. దోన్ ఎవేలియో లేడు, మిషన్లు లేవు. "నేను" అన్నాను.

అప్పుడే లుస్ డారి వేడినీళ్ల గిన్నె గుడ్డతో పట్టుకుని వచ్చింది, మాకోసం మొహానికి ఆ నవ్వు తగిలించుకుని. కూతురి చేతిలో ఏముందో, దాన్ని ఎలా పట్టుకుని ఉందో చూసింది. ఆ నవ్వు రాలిపోయింది. మూడేళ్ల తర్వాత దాని అసలు మొహం ఆ పూటే చూశాను, ఎంత అలిసిపోయిన మొహమో.

"గుచ్చుకుంటోందా తల్లీ?" అని అడిగింది. "ఇలా ఇవ్వు, విప్పి మళ్లీ కుడతాను."

"లేదమ్మా" అంది నతాలి. చేతులు పైకెత్తకూడదని డాక్టరు చెప్పాడు, అందుకని తల్లిని పట్టుకోలేకపోయింది. ఆ బ్రానే చెంపకి ఆనించుకుని ఏడ్చింది. "గుచ్చుకోవట్లేదమ్మా. అస్సలు గుచ్చుకోవట్లేదు."